అరచేతికి తగలని కుట్టు

టైస్లీ, బర్మింగ్‌హామ్
12 మే 1986

ఈనిడ్,

నీ తుంటి నొప్పి ఎలా ఉంది, మీ బార్మత్ సముద్రం ఎలా ఉంది అన్న కుశల ప్రశ్నలు ఉత్తరం చివర్లో అడుగుతాను. ముందు నా కడుపుమంట విను.

నిన్న పాత సైనిక మోటారు సైకిళ్ళ సంఘం వాళ్ళ ప్రదర్శన జరిగింది. నా లారిమర్ బండిని తోలుకుని వెళ్ళాను. అరవై అయిదేళ్ళ ముసలమ్మ మోటారు సైకిలు మీద దిగితే ఎలా చూస్తారో అలాగే చూశారు, దానికేం గాని, 'కార్ఖానా నుంచి వచ్చింది వచ్చినట్టే' అనే వరుసలో బండి నిలబెట్టాను. ఆ మైదానంలో ఆ మాటకు తగిన బండి నాదొక్కటే. మిగిలినవన్నీ పెళ్ళికొడుకుల్లా మెరిసిపోతున్నాయి. యుద్ధంలో మెరిసే బండి ఎక్కడిదే? మెరిస్తే పైనుంచి విమానానికి కనబడదూ?

మార్కులు వేయడానికి మిస్టర్ ఫార్ అనే ఆయన వచ్చాడు. బ్యాంకులో మేనేజరు చేసి రిటైరయ్యాడట. చేతిలో అట్ట, చంకలో 1940 నాటి విడిభాగాల పుస్తకం. నా హ్యాండిల్ పిడులను వేలితో ఇలా పొడిచి చూశాడు.

"ఏంటండీ ఇవి? గోనెగుడ్డా?"

"కాన్వాసు, నాయనా."

"పుస్తకంలో రబ్బరని ఉంది."

"ఆ పుస్తకం మలయా పోకముందు అచ్చేసింది. రబ్బరు తోటలన్నీ జపాను వాళ్ళు పట్టుకున్నాక రబ్బరు ఎక్కణ్ణుంచి తెమ్మంటారు? మీ ఇంటి పెరట్లోంచా?"

"ఈ ఇంజను పక్క మూత పోత ఇనుముది. అల్యూమినియం ఉండాలి కదా."

"అల్యూమినియం అంతా విమానాలకి పోయింది. అప్పుడు మీరెక్కడున్నారేంటి?"

"బళ్ళో" అన్నాడు పాపం, చెవులు ఎర్రబడి.

అయినా పెన్ను ఆగలేదు. ఏం రాశాడో అచ్చంగా చెబుతాను, కాగితం నా ముందే ఉంది. 'పిడులు: ఇంట్లో కుట్టుకున్న గుడ్డలు, అసలువి కావు. పక్క మూత: తప్పు. కాలి కమ్ములు: రబ్బరు తొడుగులు పోగొట్టుకున్నారు.' పోగొట్టుకున్నానట! ఆ కమ్ములకు రబ్బరు ఎన్నడైనా ఉంటే కదా పోగొట్టుకోవడానికి.

మూతా కమ్ములూ పోతే పోనీ, నాకు బాధ లేదు. పిడుల సంగతి అలా వదలలేను. ఈ శరత్కాలంలో సంఘం వాళ్ళు పెద్ద పుస్తకం అచ్చేస్తున్నారు, ఏ బండి అసలుదో ఏది కాదో అందులో రాస్తారు. 1943లో ఆ బండ్లు చేసే లారిమర్ కార్ఖానాలో నన్ను పనిలోంచి తీసేస్తూ నా కార్డు మీద 'ప్రభుత్వ సరుకు పాడు చేసినందుకు' అని రాశారు. ఆ కార్డు చూసి ఏ యుద్ధ కార్ఖానా నన్ను గడప తొక్కనివ్వలేదు. యుద్ధం అయ్యేదాకా ట్రాము డిపోలో నేలలు కడిగాను. ఇప్పుడు అదే మాట పుస్తకంలో, నేను చచ్చాక కూడా చదువుకునేలా అచ్చేస్తారన్నమాట.

సెప్టెంబరులో మళ్ళీ చూపించుకోవచ్చట, సాక్ష్యం ఉంటే. అందుకే నిన్ను అడుగుతున్నాను. నువ్వు తెల్లకోటు వేసుకున్న తనిఖీదారువి, నలభై ఒకటో నంబరు ముద్ర నీది. లారిమర్‌లో మేము కాన్వాసు పిడులు కుట్టేవాళ్ళం అని ఒక్క కాగితం రాసి పంపు. అంతకంటే ఏమీ వద్దు.

తుంటి ఎలా ఉంది? సముద్రం ఉందా, పోయిందా?

గ్వెండా

*

బార్మత్
21 మే 1986

ప్రియమైన గ్వెండాకు,

నీ ఉత్తరం చదువుతూ ఒక్కదాన్నే గట్టిగా నవ్వేసుకున్నాను. ఆ పెద్దమనిషిని తలచుకుంటే జాలేసింది. తుంటి సంగతి ఏముంది, మెట్లు దిగనిస్తుంది, ఎక్కనివ్వదు. మొన్న వంతెన చివరిదాకా నడిచి వచ్చాను. ఈ ఏడు బర్మింగ్‌హామ్ వాళ్ళు సెలవులకి అప్పుడే దిగిపోయారు, ఒడ్డు మీద కుర్చీలన్నీ వాళ్ళవే. మన యాస వినబడితే ప్రాణం లేచివస్తుంది గాని, నోళ్ళు మరీ పెద్దవి.

నువ్వడిగిన కాగితం గురించి ఆలోచించాను. నలభై మూడేళ్ళ కిందటి మాట. లారిమర్ గోడలు కూల్చేసి అక్కడ తివాచీల దుకాణం కట్టారు. మన మేనేజరు హాడన్ గారు పోయారు. నేను రాసిన ముక్క ఎవరు నమ్ముతారు చెప్పు? నా దగ్గర రుజువేముంది? వయసు మీద పడింది, చాలా సంగతులు గుర్తు రావడం లేదు కూడా.

నన్నడిగితే ఒక జత రబ్బరు పిడులు కొని తొడిగేయి. మీ సంఘం పత్రికలో ప్రకటనలు వస్తుంటాయట కదా. నీ కాన్వాసువి భద్రంగా అల్మరాలో దాచుకో. అవి ఏమిటో నీకు తెలుసు, నాకు తెలుసు. మిస్టర్ ఫార్‌కి తెలియకపోతే మనకొచ్చిన నష్టమేమిటి? పాత పుండు గోకుకోవడం దేనికి, గ్వెండా?

కింద పొయ్యి మీద బఠాణీలు ఉడుకుతున్నాయి. ఉంటాను.

నీ
ఈనిడ్

*

టైస్లీ
30 మే 1986

ఈనిడ్,

గుర్తు రావడం లేదా? 1938లో నీకు ఐస్‌క్రీమ్ కొనిపెట్టిన ఎర్ర జుట్టువాడి చొక్కా బొత్తాలు ఎన్నో పోయిన క్రిస్మస్‌కి రాశావు. ఇది మాత్రం గుర్తు లేదా? సరే, నేనే గుర్తు చేస్తాను. కూర్చుని చదువు.

1943 ఫిబ్రవరిలో మధ్యాహ్నం భోజనాల వేళ మన క్యాంటీనుకి ఒక సైనికుణ్ణి తీసుకొచ్చారు, మీరు చేసిన బండ్లు ఎంత గొప్పగా నడుస్తున్నాయో చెప్పించడానికి. కార్పొరల్ టాలీ. ఆఫ్రికాలో ఉత్తరాలు మోసే మనిషి. బల్ల మీదికెక్కించి మాట్లాడమన్నారు. థాంక్యూ, మంచి బండ్లు అని రెండు ముక్కలు గొణిగి దిగిపోయాడు. టీ అందిస్తే కప్పు పట్టుకోలేకపోయాడు. అరచేతులు చూపించమన్నాను. చూపించనన్నాడు. మణికట్టు పట్టుకుని తిప్పాను. రెండు అరచేతుల్లోనూ అడ్డంగా ఒక గీత, చర్మం లేచిపోయి పచ్చిగా ఉంది.

"ఏంటి బాబూ ఇది?"

"మీ పిడి మీద కుట్టుంది కదమ్మా, అది. రోజుకి వంద మైళ్ళు రాళ్ళ మీద. చేతి తొడుగులు ఇస్తారు గానీ రెండు వారాల్లో చిరిగిపోతాయి."

ఆ కుట్టు నేను వేసిందే. డ్రాయింగులో కుట్టు పిడి పైభాగాన ఉండాలని రాసి ఉంది. ఎందుకో తెలుసా? తనిఖీ చేసేవాళ్ళకి ఒక్క చూపులో కనబడాలని! తిప్పి తొడుక్కుందామన్నా వీల్లేదు, లోపల చిన్న చెవి ఉండి హ్యాండిల్ గాడిలో కూర్చుంటుంది. మర్నాటి నుంచి నేను కుట్టును కిందికి దింపేశాను. పిడికిలి బిగిస్తే వేళ్ళ కొసలకూ అరచేతి అంచుకూ మధ్య కాస్త ఖాళీ మిగులుతుంది చూడు, సరిగ్గా అక్కడికి. నా బల్ల మీది పదకొండు మందీ అలాగే కుట్టారు. ఎవరినీ అడగలేదు. అడిగితే కమిటీ వేస్తారు, కమిటీ తేల్చేలోపు కుర్రాళ్ళ చేతులు ఊడిపోతాయి. ఆరు వారాలు, ఆరు వందల జతలు.

తరువాత హాడన్ పెట్టెలో చెయ్యి పెట్టి ఒక పిడి తీశాడు, కుట్టు కనబడలేదు, ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. డ్రాయింగు మార్చినందుకు మందలించి వదిలేసేవాడే. కానీ తనిఖీకి చూపించకుండా సరుకు దొంగచాటుగా, చివరి మడత మూసే ముగింపు బల్లకి తోసేశానన్నాడు. నేను తోయలేదు. సరుకు బండి లాగే పిల్లలు తొందరలో అటు తోసేసి ఉంటారని ఇప్పటికీ అనుకుంటాను. ఆ లాటు నీ కళ్ళ పడలేదు, నీ ముద్ర పడలేదు. అడిగితే ఉన్నదున్నట్టు చెప్పావు. దానికి నీ మీద నాకు ఏనాడూ కోపం లేదు, ఆ రోజే గేటు దగ్గర చెప్పాను.

1947లో సైన్యం మిగులు బండ్లు వేలం వేసినప్పుడు నేనేం చేశానో నీకెప్పుడూ చెప్పలేదు. 1943 వసంతం లోపు చేసిన బండ్లు మూడు వందలు వరుసలు కట్టి ఉన్నాయి. అందరూ ఇంజన్లు చూసుకుంటున్నారు. నేను ఒక్కో పిడీ కింద వేలు పెట్టి తడుముకుంటూ నడిచాను. నూట ఎనభయ్యో ఎన్నో బండి దగ్గర నా కుట్టు తగిలింది. దాని గేరు పెట్టె పగిలిపోయి ఉంది, అమ్మేవాడే వద్దన్నాడు. అదే కొన్నాను. అప్పటి నుంచి ప్రతి ఏడూ అవిసె నూనె పట్టించి కాపాడుకుంటున్నాను. అలాంటివాటిని అల్మరాలో పెట్టి రబ్బరువి తొడగమంటావు!

మిస్టర్ ఫార్‌కి ఉత్తరం రాశాను. జవాబు మర్యాదగానే రాశాడు. కార్ఖానా ముద్ర ఏదైనా చూపిస్తే ఒప్పుకుంటాడట. ముద్ర లేదని నాకు తెలుసు. కానీ ప్రభుత్వం ఇచ్చిన కాన్వాసు అంచులో నీలం దారం ఒకటి నేసి ఉండేది, ఇంట్లో దొరికే గుడ్డకు అది ఉండదు. ఆ అంచు పిడి చివర మడత లోపలికి పోయింది. కాబట్టి సెప్టెంబరులో అందరి ముందూ ఆ మడత విప్పి నీలం దారం చూపిస్తాను. నా చేతి పని నేనే విప్పుకోవడమంటే ప్రాణం ఉసూరుమంటోంది, అయినా సరే.

నీ కాగితం కూడా ఉంటే బలంగా ఉంటుంది. గుర్తొచ్చిందా ఇప్పుడైనా?

గ్వెండా

*

(కార్డు)

బార్మత్
3 జూన్

గ్వెండా, ఆ మడత విప్పకు. నేను మళ్ళీ రాసేదాకా ముట్టుకోకు.

ఈ.

*

టైస్లీ
6 జూన్ 1986

విప్పకు, ముట్టుకోకు, ఏమిటే ఇది? ఎందుకో చెప్పవు. బండి నాది, కుట్టు నాది, పోయిన పేరు నాది. నువ్వు చెప్పేదేదో వచ్చే శనివారం లోపల చెప్పు. లేకపోతే సెప్టెంబరు దాకా కూడా ఆగను, వంటింట్లో కూర్చుని కత్తెర తీస్తాను.

గ్వెండా

*

బార్మత్
10 జూన్ 1986

గ్వెండాకు,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించేశాను. ఇది నాలుగోది, ఎలా ఉంటే అలా పంపుతాను.

ఆ మడత విప్పితే నీలం దారం పక్కన నా ముద్ర ఉంటుంది. డైమండ్ గుర్తులో నలభై ఒకటి. రెండు పిడుల్లోనూ ఉంటుంది. ఆరు వందల జతల్లోనూ ఉంది.

ఆ లాటు నా కళ్ళ పడకపోవడమేమిటి, మొదటి రోజే పడింది. మొదటి పిడి చేతిలోకి తీసుకున్నాను, కుట్టు పైన లేదు. తిప్పి చూశాను. గుప్పిట బిగించాను. నువ్వు ఎందుకలా చేశావో నా అరచేతికి అర్థమైంది, ఆ కార్పొరల్‌కి టీ ఇచ్చిన క్యాంటీనులో నేనూ ఉన్నాను. ముద్ర వేశాను. రెండోది తీసుకుని వేశాను. ఆరు వారాలు నీకు తెలియకుండా నీతోపాటు తప్పు చేస్తున్నాననుకుంటే నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను. ఒక రోజు నీకు చెప్పి ఆశ్చర్యపరచాలని కూడా అనుకున్నాను.

హాడన్ గారు నన్ను ముందు పిలిచారు. తలుపు మూశారు. "ఇవి చూసే ముద్ర వేశావా? వేసుంటే ఆ తెల్లకోటు ఇక్కడే విప్పి పెట్టి వెళ్ళు. చూడలేదంటే మాత్రం ఇది కుట్టినవాళ్ళ తప్పు" అన్నారు. మా నాన్న మంచాల కార్ఖానాలో ఇత్తడి రుద్దేవాడు. మా వీధిలో తెల్లకోటు వేసుకున్న మొదటి ఆడపిల్లను నేనే. అది వేసుకున్న రోజు మా అమ్మ నన్ను వీధి ఈ చివర నుంచి ఆ చివరకు రెండుసార్లు నడిపించింది. చూడలేదని చెప్పాను. ఒక్క పిడి మడత విప్పి ఉంటే నా అబద్ధం అక్కడే బయటపడేది. ఆయన విప్పలేదు. ఆయనకూ ఆ జవాబే కావాలి.

గేటు దగ్గర నువ్వు నన్ను కౌగిలించుకుని, "నువ్వేం చేస్తావే, నిజం చెప్పావు" అన్నావు. ఆ మాట నన్ను ఇన్నేళ్ళుగా కొరుక్కు తింటోంది. నేను ఈ ఊరికి వచ్చేసింది సముద్రం కోసం కాదు. వారం వారం నీ మొహం చూడలేక.

ఇంకొకటి ఉంది, అదీ చెప్పేస్తాను. నువ్వు వెళ్ళిన మూడు నెలలకు సైన్యం నుంచి చీటీ వచ్చింది, కుట్టు కింద ఉన్న రకమే పంపండి అని. డ్రాయింగు మార్చారు. కుట్టు నువ్వు పెట్టిన చోటికే వచ్చింది. కింద హాడన్ గారి సంతకం ఉంది. ఆ డ్రాయింగు ప్రకారం యుద్ధం అయ్యేదాకా నేను తనిఖీ చేశాను.

క్షమించమని అడగను. అడిగే మొహం లేదు.

ఈనిడ్

*

టైస్లీ
13 జూన్ 1986

నీ ఉత్తరం అందింది. నాకు మళ్ళీ రాయకు.

గ్వెండా పర్‌స్లో

*

బార్మత్
18 ఆగస్టు 1986

గ్వెండాకు,

రాయవద్దన్నావు. రాస్తున్నాను. ఇది ఉత్తరం కాదు, ఆఫీసు కాగితం అనుకో.

ఇందులో సొలిసిటరు ఎదుట సంతకం చేసిన వాంగ్మూలం ఉంది. లారిమర్ కార్ఖానాలో 1943 ఫిబ్రవరి, మార్చి నెలల్లో గ్వెండా పర్‌స్లో బల్ల మీద కుట్టిన కాన్వాసు పిడులన్నీ నేను చూశాననీ, డ్రాయింగుకు భిన్నంగా ఉన్నాయని తెలిసే ఒప్పుకున్నాననీ, విచారణలో అబద్ధం చెప్పాననీ రాశాను. కింద నా ముద్ర వేశాను. కార్ఖానా మూసేసిన రోజు ఆ ముద్ర వెనక్కి ఇచ్చేయాలి. ఇవ్వలేదు, కుట్టు సామాను పెట్టెలో అడుగున దాచాను. సిరా కోసం ఊరంతా తిరిగాను.

సొలిసిటరు కుర్రవాడు చదివి, "ఇది బయటపెడితే మీకు పరువు తక్కువ కదా మేడమ్" అన్నాడు. "తక్కువే. టైపు చెయ్యి" అన్నాను.

వాడుకో, లేదా పొయ్యిలో పెట్టు. నీ ఇష్టం.

ఈనిడ్ టిబెట్స్

*

టైస్లీ
22 సెప్టెంబరు 1986

ఈనిడ్,

నిన్ను క్షమించానని మాత్రం అనుకోకు. నీ జూన్ ఉత్తరం చదివిన రోజు వంటింట్లో రెండు పళ్ళాలు గోడకేసి కొట్టాను. అవి నువ్వు పంపినవే, అందుకే ఏరికోరి కొట్టాను. హాడన్ సంతకం సంగతి చదివాక మూడోది కూడా కొట్టాను. కోపం ఇంకా తగ్గలేదు. కానీ నిన్న జరిగింది చెప్పుకోవడానికి నువ్వు తప్ప ఈ భూమ్మీద నాకెవరున్నారు? అదింకా ఒళ్ళు మండే సంగతి.

మిస్టర్ ఫార్ నీ కాగితం నిలబడే చదివాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. చుట్టూ ఓ నలభై మంది పోగయ్యారు. "ముద్ర లోపల ఉందంటున్నారు, చూపిస్తారా?" అన్నాడు. ఎడమ పిడి ఊడదీసి బల్ల మీద పెట్టాను. గోళ్ళ కత్తెరతో మడత విప్పాను. నువ్వు ఇప్పుడు కూడా అబద్ధం చెప్పావేమోనని భయమేసింది.

ఉంది. ఊదారంగు సిరా, నిన్న వేసినట్టుంది. ఎండ తగలలేదు కదా. డైమండ్, అందులో నలభై ఒకటి. నీ కాగితం పక్కన పెడితే అదే వంకర, నాలుగు అంకె కాలు విరిగి ఉంది చూడు, అది కూడా అదే. నీలం దారం కూడా ఉంది గాని దాని వైపు ఎవరూ చూడలేదు.

నాకు ఏడుపొచ్చింది. పేరు నిలబడిందని కాదే. ఇన్నేళ్ళూ ఆ ఆరు వారాలు నేనొక్కదాన్నే ఎదురు తిరిగాననుకుని బతికాను. నువ్వు అవతలి బల్ల దగ్గర కూర్చుని ఒక్కోదానికీ ముద్ర కొడుతూ ఉన్నావని తెలిసి ఉంటే, ట్రాము డిపోలో నేలలు కడిగేటప్పుడు తల ఇంకొంచెం ఎత్తి కడిగేదాన్ని. అది నాకు చెప్పకపోవడమే నీ అసలు తప్పు. హాడన్‌కి చెప్పిన అబద్ధం దాని ముందు చిన్నది.

ఇక మన ఫార్ గారి సంగతి విను. గొంతు సవరించుకున్నాడు. "పిడులు అసలువే. ఒప్పుకుంటున్నాను. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వాళ్ళు ఆపాక మెల్లిగా అన్నాడు కదా, "కాకపోతే ఇప్పుడు మడత విప్పేశారు. పాత దారం కాబట్టి కుట్టు కూడా బెత్తెడు ఊడింది. అంటే ఇది ఇక వచ్చింది వచ్చినట్టే కాదు. రెండు మార్కులు తగ్గించక తప్పదు."

హాస్యానికి అంటున్నాడేమోనని చూశాను. కాదు! పెన్ను తీశాడు!

"ఆగవయ్యా" అన్నాను. సంచిలోంచి సూది తీశాను, మైనం పట్టించిన దారం తీశాను. అందరి ముందూ అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుని ఊడిన బెత్తెడూ కుట్టాను, అదే చోట, అదే కుట్టు. కళ్ళజోడు జారిపోతుంటే ఎవరో పట్టుకున్నారు. "లారిమర్‌లో దీన్ని కుట్టింది ఈ చెయ్యే. ఇప్పుడు కుట్టింది కూడా ఈ చెయ్యే. తగ్గించు చూద్దాం" అన్నాను.

చాలాసేపు పుస్తకం తిరగేశాడు. అలాంటిదానికి ఏం చేయాలో అందులో లేదు. పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

ఆ పెద్ద పుస్తకంలో ఏం అచ్చేస్తారో నేను పక్కనే నిలబడి రాయించాను. 'కాన్వాసు పిడులు, లారిమర్ కార్ఖానా, 1943, అసలువి. అరచేతికి తగలకుండా కుట్టు స్థానం మార్చినది గ్వెండా పర్‌స్లో. తనిఖీ, ఈనిడ్ టిబెట్స్.' నీ పేరు నేనే చెప్పాను. ఎందుకు చెప్పానని అడగకు. హాడన్ పేరు రాయాలా అని అడిగాడు, అక్కర్లేదన్నాను. బహుమతి కప్పు మాత్రం తళతళలాడే బండి ఒకదానికి వచ్చింది. దాని ఇంజను చలిలో స్టార్టు కాక నలుగురు తోశారు.

ఈ పార్సిలులో ఆ ఎడమ పిడి ఉంది. చివరి మడత మూయలేదు. మన లారిమర్‌లో తనిఖీ కాకుండా ముగింపు బల్లకి ఏదీ వెళ్ళదు, ఒకసారి వెళ్ళిందని నన్ను ఇంటికి పంపారు కూడా. కాబట్టి ఇది నీ బల్ల మీదికి వస్తోంది. చూడు. బాగుంటే ముద్ర వేసి పంపు. అప్పటిదాకా నా హ్యాండిల్ ఒక పక్క బోడిగానే ఉంటుంది.

గ్వెండా

*

బార్మత్
29 సెప్టెంబరు 1986

గ్వెండాకు,

పిడి అందింది. కిటికీ దగ్గర భూతద్దం పెట్టి చూశాను. ఫలితం ఇది.

గుడ్డ: సరే. చెవి: సరే. కుట్టు స్థానం: డ్రాయింగుకు భిన్నం, సరైనది. చివర నుంచి మూడో కుట్టు: వదులు. అంగుళానికి తొమ్మిది కుట్లు ఉండాలి, కొత్తగా వేసిన చోట ఎనిమిదే ఉన్నాయి.

తిరస్కరించాను.

తిట్టుకో. నలభై మంది ముందు, కళ్ళజోడు జారుతుండగా కుట్టావని తెలుసు. అయినా వదులు వదులే. ముద్ర పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను, కొట్టేస్తే నీకు సంతోషంగా ఉంటుందని చెయ్యి లాగింది. భయపడి ఒకసారి నీ గురించి అబద్ధం చెప్పాను. ఇప్పుడు ప్రేమ కొద్దీ ఇంకొకటి చెప్పను.

ఇది పోస్టులో వెనక్కి పంపను. వచ్చి నా ఎదురుగా కుట్టు. నీ ఎదురుగా ముద్ర వేస్తాను. స్టేషను నుంచి మా ఇంటికి పది నిమిషాలే, అంతా దిగుడే. ఉదయం రైలు ఎక్కితే మధ్యాహ్నానికి వస్తావు. వేపుడు చేపలు తెప్పిస్తాను.

నేను పంపిన ఆరు పళ్ళాల్లో మూడే మిగిలాయన్నమాట. నా దగ్గర ఇంకో ఆరు ఉన్నాయి, కొట్టాలనుంటే.

ఈనిడ్

*

టైస్లీ
2 అక్టోబరు 1986

వదులా? నా కుట్టా?

రైలు ఎవరిక్కావాలి? బుధవారం పొద్దున్నే బండి మీద బయలుదేరుతున్నాను. నూరు మైళ్ళ పైచిలుకు, ఎడమ చేతికి వట్టి ఇనుమే. తిరిగి వచ్చేటప్పుడు అలా ఉండదు. సూది, దారం నేనే తెస్తాను, నీ సిరా సిద్ధం చేసి పెట్టు. భూతద్దం కూడా తుడిచి పెట్టు, దాని మీదే ఏదో మరక ఉంటుంది.

గ్వెండా